ఎయిర్‌పోర్టుకు వెళ్లాల్సిన రోజే స్నో, ఫ్రీజింగ్ రెయిన్ అంటున్నారు. ఒక యాప్ ఆరు అంగుళాలు, ఇంకోటి ఒక్క అంగుళం. ఏది నమ్మాలి?

మీ ప్రశ్నను ఒకసారి క్లుప్తంగా చెప్పుకుందాం. నార్త్ కరోలినాలోని కేరీలో మీకిది మొదటి చలికాలం. శనివారం రాత్రి స్నో మొదలై, ఆదివారం తెల్లవారుజామున స్లీట్‌గా (చిన్న మంచు గింజలుగా), ఆ తర్వాత ఫ్రీజింగ్ రెయిన్‌గా (తగిలిన చోటే గడ్డకట్టే వానగా) మారుతుందని ఫోర్‌కాస్ట్. ఒక యాప్ ఆరు అంగుళాల స్నో చూపిస్తోంది, ఇంకోటి ఒక్క అంగుళమే అంటోంది. అమ్మానాన్నలు హైదరాబాద్‌లో బయల్దేరి, దారిలో విమానం మారి, ఆదివారం మధ్యాహ్నం రాలీ-డర్హమ్ ఎయిర్‌పోర్టులో దిగాలి. "ఒక్క అంగుళమే అయితే నెమ్మదిగా నడుపుకుంటూ వెళ్లి తీసుకురావచ్చు కదా?" అని అడిగారు.

వెళ్లొద్దు. ఒక్క అంగుళం అన్న యాప్ మాటే నిజమైతే అసలు వెళ్లొద్దు. ఈ రోజు గురువారం, వాళ్లు ఇంకా ఇంటి దగ్గరే ఉన్నారు. ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేసి టికెట్లు మంగళవారానికో బుధవారానికో మార్పించండి. ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానో కింద రాస్తాను. కొంచెం పొడుగవుతుంది, కానీ ఈ ఊళ్లో ఉన్నన్నాళ్లు పనికొచ్చే విషయం.

నేను ఈ రాష్ట్రంలోనే కరెంటు సరఫరా సంస్థలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. తుఫాను వచ్చే ముందు లైన్‌మెన్‌ను, బకెట్ ట్రక్కులను ఏ జిల్లాలో ఎంతమందిని ఉంచాలో తేల్చే టీమ్ మాది. పక్క రాష్ట్రాల నుంచి మనుషులను పిలిపించాలంటే రెండు మూడు రోజుల ముందే చెప్పాలి. అందుకని ప్రతి చలికాలం ఇలాంటి ఫోర్‌కాస్టులను గంటగంటకీ చదవడం నా ఉద్యోగంలో భాగం. మా టీమ్‌లో స్నో ఎన్ని అంగుళాలని ఎవరూ ముందు అడగరు. "ఐస్ ఎంత?" అన్నదే మొదటి ప్రశ్న.

ముందు ఆ రెండు యాప్‌ల సంగతి చూద్దాం. అవి ఒకదానికొకటి వ్యతిరేకంగా చెబుతున్నట్టు మీకు అనిపిస్తోంది. నిజానికి రెండూ ఆకాశం నుంచి పడే నీటి విషయంలో దాదాపు ఒకే మాట చెబుతూ ఉండొచ్చు. ఇక్కడ వాడుక లెక్క ఏమిటంటే ఒక అంగుళం నీరు స్నోగా పడితే సుమారు పది అంగుళాల మందం అవుతుంది. స్లీట్‌గా పడితే రెండు మూడు అంగుళాలే. ఫ్రీజింగ్ రెయిన్‌గా పడితే మందం అంగుళం కూడా ఉండదు, గట్టి గాజు పొరలా అతుక్కుంటుంది. ఇప్పుడు ఆదివారానికి మొత్తం 0.6 అంగుళాల నీరు పడుతుందనుకోండి. అంతా స్నో అయితే ఆరు అంగుళాలు, అదే మీ మొదటి యాప్. మొదటి 0.1 అంగుళం మాత్రమే స్నోగా పడి, మిగతా 0.5 స్లీట్, ఫ్రీజింగ్ రెయిన్‌గా మారితే స్నో ఒక్క అంగుళమే, అది రెండో యాప్. ఆ తగ్గిన ఐదు అంగుళాల స్నో ఎక్కడికీ పోలేదు. రోడ్డు మీద, చెట్ల కొమ్మల మీద, కరెంటు తీగల మీద ఐస్‌గా ఉంటుంది. స్నో సంఖ్య తగ్గిందని ఊపిరి పీల్చుకునే ముందు అది ఎందుకు తగ్గిందో చూడాలి. మామూలు వానగా మారడం వల్ల తగ్గితే మంచిదే. ఫ్రీజింగ్ రెయిన్‌గా మారడం వల్ల తగ్గితే పరిస్థితి ఇంకా చెడ్డది.

ఇదంతా ఎందుకు జరుగుతుందో కాస్త వివరంగా చెప్తాను. మేఘంలో పుట్టేది మంచు రేకే. అది నేల దాకా వచ్చే దారిలో ఎక్కడా వెచ్చటి గాలి తగలకపోతే స్నోగానే దిగుతుంది. ఈ ప్రాంతంలో ఇబ్బంది ఏమిటంటే, నేలకు ఐదు వేల నుంచి పది వేల అడుగుల ఎత్తున సముద్రం వైపు నుంచి వెచ్చటి గాలి పొర దూసుకొస్తుంది. ఇక్కడి ఫోర్‌కాస్టర్లు దాన్ని వార్మ్ నోస్ అంటారు. ఆ పొరలో వేడి సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే ఒక డిగ్రీ లోపే ఎక్కువుంటే మంచు రేకు చాలావరకు నిలుస్తుంది. ఒకటి నుంచి మూడు డిగ్రీలుంటే సగం కరిగి, కింద చల్లటి గాలిలో మళ్లీ గడ్డకట్టి, చిన్న గింజలుగా పడుతుంది. అదే స్లీట్. మూడు డిగ్రీలు దాటితే పూర్తిగా కరిగి వాన చుక్క అవుతుంది. కింద చల్లటి పొర పలచగా ఉంటే గాలిలో గడ్డకట్టే వ్యవధి ఆ చుక్కకు దొరకదు. సున్నా కంటే చల్లబడి కూడా నీరుగానే దిగి, దేనికి తగిలితే దాని మీద గడ్డకడుతుంది. అదే ఫ్రీజింగ్ రెయిన్.

మన ఊళ్లలో వడగళ్ల వాన చూసినవాళ్లం కాబట్టి స్లీట్ చూడగానే అదే అనుకుంటాం. రెండూ వేరు. వడగళ్లు ఎండాకాలపు ఉరుముల మేఘంలో పైకీ కిందకీ కొట్టుకుంటూ పెరుగుతాయి. స్లీట్‌కు ఉరుములు అక్కర్లేదు, పైన చెప్పిన రెండు పొరలు చాలు. ఇక ఫ్రీజింగ్ రెయిన్ అనుభవం మనకు అస్సలు లేదు. లంబసింగిలో చలి సున్నా దగ్గరికి పోయినా అది పొడి చలికాలపు రాత్రుల్లో. అందుకే మనవాళ్లు "వానే కదా" అనుకుని కారు తీస్తారు.

మరి నేల దగ్గర అంత చలి ఎక్కడిది? న్యూ ఇంగ్లండ్ మీదో క్యూబెక్ మీదో బలమైన హై ప్రెషర్, అంటే గాలి ఒత్తిడి ఎక్కువున్న ప్రాంతం, కూర్చుంటే, అక్కడి చల్లటి పొడి గాలి దక్షిణానికి జారుతుంది. పడమట అపలాచియన్ పర్వతాలు అడ్డు కాబట్టి అటు పోలేక కొండల వెంబడే కరోలినాల్లోకి, ఇంకా ముదిరితే జార్జియా దాకా దిగుతుంది. దీన్ని కోల్డ్ ఎయిర్ డామింగ్ అంటారు, టీవీ వాళ్లు వెడ్జ్ అంటారు. చల్లటి గాలి బరువు కాబట్టి కదలకుండా నేలను పట్టుకుని ఉంటుంది. తేమతో వచ్చే వెచ్చటి గాలి పప్పుచారు మీద నెయ్యిలా దాని పైన తేలిపోతుంది. రాలీ, కేరీ, మోరిస్‌విల్ సరిగ్గా ఈ రెండూ పోట్లాడుకునే అంచున ఉన్నాయి. వర్జీనియా సరిహద్దులో స్నో, గ్రీన్స్‌బరో దగ్గర స్లీట్, ఐస్, ఐ-95 హైవే దాటి తూర్పుకు వెళ్తే మామూలు వాన, ఇలా ఒకే తుఫానులో రెండు గంటల డ్రైవ్‌లో మూడు నాలుగు రకాలు చూడొచ్చు. పైన ఆ వెచ్చటి పొరలో ఒక్క డిగ్రీ తేడా వస్తే మీ ఇంటి ముందు ఏం పడుతుందో మారిపోతుంది. అందుకే ఈ ప్రాంతపు ఫోర్‌కాస్టర్లు తడబడినట్టు కనిపిస్తే వాళ్లను తిట్టకండి. 2000 జనవరిలో ఇదే ఎయిర్‌పోర్టులో 20.3 అంగుళాల స్నో పడింది. అంత పడుతుందని ముందు రోజు ఎవరూ చెప్పలేకపోయారు.

యాప్‌ల గురించి ఇంకో మాట. చాలా యాప్‌లు ఏదో ఒక కంప్యూటర్ మోడల్ నుంచి వచ్చిన సంఖ్యను అలాగే చూపిస్తాయి. ఆన్‌లైన్‌లో తిరిగే రంగురంగుల స్నో మ్యాపుల్లో కొన్ని స్లీట్‌ను కూడా స్నో కిందే లెక్కేసి పదితో గుణిస్తాయి. వాట్సాప్ గ్రూపుల్లో "పన్నెండు అంగుళాలట!" అని తిరిగేవి తరచుగా అవే. పైగా ప్రపంచమంతటినీ లెక్కగట్టే పెద్ద మోడళ్లకు ఈ వెడ్జ్ విషయంలో ఒక పాత జబ్బుంది. నేల దగ్గరి చలి తొందరగా పోతుందని చూపిస్తాయి. "పదకొండింటికి 34 డిగ్రీలు, మామూలు వాన" అని యాప్ ఫారెన్‌హీట్‌లో చూపిస్తుంటే (నీరు గడ్డకట్టేది 32 దగ్గర), బయట మధ్యాహ్నం రెండింటికి కూడా 30 దగ్గరే ఉండటం మాకు అలవాటైన దృశ్యం. నేషనల్ వెదర్ సర్వీస్ వారి రాలీ ఆఫీసు రాసే ఫోర్‌కాస్ట్ డిస్కషన్ చదవండి. మామూలు ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, అందులో వార్మ్ నోస్, వెడ్జ్ అన్న మాటలు వెతకండి. వాళ్లు ఎంత నమ్మకంగా ఉన్నారో, ఎక్కడ అనుమానపడుతున్నారో దాచకుండా రాస్తారు. గ్రీన్స్‌బరోలో రోజూ ఉదయం ఏడింటికి, రాత్రి ఏడింటికి వెదర్ బెలూన్ కొలతలు వస్తాయి. పైపొరలో అసలు ఎంత వేడి ఉందో తెలిసేది దానివల్లే. శనివారం రాత్రి బెలూన్ తర్వాత వచ్చే డిస్కషన్ చాలా విలువైనది.

మీరు ఇంట్లో కూర్చుని చూడగలిగిన ఒకే ఒక్క సంఖ్య కావాలంటే, అది డ్యూ పాయింట్, అంటే గాలిలోని తేమ నీటి బిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత. శనివారం సాయంత్రం యాప్ తెరిచి ఉష్ణోగ్రత 38 ఫారెన్‌హీట్ ఉంది, గడ్డకట్టే 32కి చాలా పైన ఉంది కదా అనుకుంటారు. పక్కనే డ్యూ పాయింట్ 17 ఉందనుకోండి. గాలి బాగా పొడిగా ఉందని అర్థం. అందులో స్నో, వాన పడటం మొదలవగానే కొంత ఆవిరై గాలిని చల్లబరుస్తుంది. ఎంత చల్లబడుతుందో నోటి లెక్క ఉంది. రెండింటి మధ్య తేడా 21, అందులో మూడో వంతు 7, దాన్ని 38 నుంచి తీసేస్తే 31. అంటే ఏమీ పడకముందు 38 ఉన్న ఊరు, పడటం మొదలైన కాసేపటికి గడ్డకట్టే స్థాయి కిందకి దిగుతుంది. అదే 38కి డ్యూ పాయింట్ 34 ఉంటే భయం లేదు, అది మామూలు వాన. ఈ చిన్న లెక్క ఒక్కటి వస్తే సగం టెన్షన్ తగ్గుతుంది, లేదా సరైన సమయంలో పెరుగుతుంది.

ఇంకో విషయం కూడా దీనికి ముడిపడే ఉంది. నీరు గడ్డకట్టేటప్పుడు వేడిని వదులుతుంది. అందువల్ల ఫ్రీజింగ్ రెయిన్ తనంతట తానే గాలిని 32 వైపు నెట్టి, కొన్ని గంటల్లో ఆగిపోవడానికి చూస్తుంది. ఉత్తరం నుంచి పొడి చలిగాలి ఆగకుండా వస్తుంటే మాత్రం ఆ వేడి పనిచేయదు, ఐస్ పేరుకుంటూనే పోతుంది. కాబట్టి డిస్కషన్‌లో హై ప్రెషర్ కదిలిపోతోందా, అక్కడే ఉందా అన్న వాక్యం ఎక్కడుందో చూడండి. సన్నటి తుంపర కూడా తేలిగ్గా తీసుకోకండి. జోరు వానలో చాలా నీరు గడ్డకట్టకముందే జారిపోతుంది, నెమ్మదిగా పడే తుంపర ఎక్కడికక్కడ అతుక్కుంటుంది.

ఇక ఐస్ అంగుళాల లెక్క, ఇది మా వృత్తి భాష. పదో వంతు అంగుళం దాకా ఉంటే రోడ్లు, మెట్లు ప్రమాదం, కరెంటుకు పెద్దగా ఏమీ కాదు. పావు అంగుళం గీత దాటితే రాలీ ఆఫీసు ఐస్ స్టార్మ్ వార్నింగ్ ఇస్తుంది, మేము సెలవులు రద్దు చేసుకుంటాం. ఆ మందానికి బ్రాడ్‌ఫర్డ్ పేర్ చెట్లు కొమ్మల దగ్గర నిలువునా చీలతాయి, పైన్ కొమ్మలు వంగి తీగల మీద ఒరుగుతాయి. అర అంగుళం అయితే రెండు స్తంభాల మధ్య తీగ మీదే దాదాపు 500 పౌండ్ల బరువు పెరుగుతుందని చెప్తారు, అంటే రెండు వందల కిలోలకు పైన. దాని మీద చెట్టు పడితే స్తంభమే విరుగుతుంది. అలాంటి ఉదయం బయట నిలబడితే ముందు చెవులకే తెలుస్తుంది: ఎక్కడో ఒక టప్‌మన్న చప్పుడు, తర్వాత గాజు పెంకులు రాలినట్టు ఐస్ ముక్కలు, ఆకాశంలో నీలిరంగు మెరుపు, అది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజ్ పోవడం. వాన ఆగింది కదా అని కూడా అనుకోకూడదు. ఐస్ కరగకముందే గాలి లేస్తే రెండో విడత కొమ్మలు పడతాయి, మాకు ఎక్కువ పని పడేది అప్పుడే.

2002 డిసెంబరు 4, 5 తేదీల్లో ఇదే జరిగింది. ఉత్తర, దక్షిణ కరోలినాల్లో కలిపి పది లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది, కొన్ని వీధుల్లో తిరిగి రావడానికి వారం దాటింది. కెనడాలో 1998 జనవరి 4 నుంచి 10 దాకా క్యూబెక్, తూర్పు ఒంటారియో ప్రాంతాల్లో విడతలు విడతలుగా పడిన ఫ్రీజింగ్ రెయిన్‌కు భారీ ఉక్కు టవర్లే వరసగా కూలిపోయాయి. ఆదివారం అంత జరుగుతుందని నేను అనడం లేదు. పావు అంగుళం దగ్గర ఫోర్‌కాస్ట్ ఊగుతోంది, అది చాలు జాగ్రత్తపడటానికి.

రోడ్ల సంగతి. 2005 జనవరి 19న రాలీలో అంగుళం లోపే స్నో పడింది. చలి ఎక్కువ ఉండటంతో టైర్ల కింద కరిగిన పొర వెంటనే గడ్డకట్టి ఊరంతా జామ్ అయింది, వేలమంది పిల్లలు ఆ రాత్రి స్కూళ్లలోనే పడుకున్నారు. 2021 ఫిబ్రవరి 11 తెల్లవారుజామున టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో ఐ-35 వెస్ట్ మీద 130కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. అక్కడ స్నో లేదు, రోడ్డు తడిగా ఉన్నట్టు మాత్రమే కనిపించింది. డాలస్ వైపు ఉండే మనవాళ్లు ఆ రోజును మరచిపోరు. బ్రిడ్జిలు, ఫ్లైఓవర్లు ముందు గడ్డకడతాయి, కింద నుంచి కూడా చలిగాలి తగులుతుంది కాబట్టి. మీ ఇంటి నుంచి ఐ-40 మీదుగా ఎయిర్‌పోర్టుకు వెళ్లే దారిలో ఎన్ని ర్యాంపులు, ఓవర్‌పాస్‌లు ఉన్నాయో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. "మా కారు ఆల్ వీల్ డ్రైవ్" అని కొందరంటారు. అది కదలడానికి పనికొస్తుంది, ఐస్ మీద ఆగడానికి పనికిరాదు. రోడ్ల మీద ఐస్ పట్టకుండా ముందే చల్లే ఉప్పునీరు కూడా తుఫాను వానతో మొదలైతే కొట్టుకుపోతుంది.

విమానాల వైపు నుంచి చూసినా ఆదివారం నమ్మలేం. స్నోలో విమానం మీద ఐస్ పట్టకుండా డీఐసింగ్ ద్రవం చల్లి, అది ఎన్ని నిమిషాలు రక్షిస్తుందో పట్టిక చూసుకుని ఎగురుతారు. ఓ మోస్తరు, భారీ ఫ్రీజింగ్ రెయిన్‌కు ఆ పట్టికలో నిమిషాలే ఇవ్వరు. అంటే పెద్ద విమానాలైనా ఆగిపోవాల్సిందే. చివరి విమానం రద్దయితే మీ అమ్మానాన్నలు ఏదో మధ్య ఊళ్లో రాత్రంతా కుర్చీల్లో కూర్చోవాలి. ఎక్కడ నిలబడాలో, ఎవరిని అడగాలో తెలియని చోట, చేతి సంచిలో రెండు పూటల మందులతో. దానికన్నా హైదరాబాద్‌లో సొంత మంచం మీద మూడు రోజులు ఎక్కువ పడుకోవడం మేలు. తుఫానుకు ముందు చాలా ఎయిర్‌లైన్లు అదనపు డబ్బు లేకుండా తేదీ మార్చుకునే వెసులుబాటు ఇస్తాయి. వాళ్ల వెబ్‌సైట్‌లో ట్రావెల్ అలర్ట్ అన్న పేజీలో మన ఎయిర్‌పోర్టు పేరు ఉందేమో చూసి, అది చెప్పి అడగండి. ఇంకా పెట్టకపోతే శుక్రవారం మళ్లీ ప్రయత్నించండి. సోమవారం వద్దు. ఆదివారం రద్దైన ప్రయాణికులంతా సోమవారం సీట్ల కోసమే పోటీపడతారు, పైగా రాత్రి మళ్లీ గడ్డకట్టిన నీరు సోమవారం పొద్దున రోడ్ల నలుపులో కలిసిపోయి కనపడకుండా ఉంటుంది.

ఏ కారణం చేతనైనా తేదీ మారకపోతే, వాళ్లు విమానం మారే ఊళ్లో తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా చూడండి, లేదా అక్కడ హోటల్ రద్దు చేసుకోగలిగేలా ముందే బుక్ చేసి పెట్టండి. ఆ కాగితం, మీ ఫోన్ నంబరు, "మేము రాలీ వెళ్లాలి, విమానం రద్దైంది, సహాయం కావాలి" అని ఇంగ్లిష్‌లో రాసిన చీటీ నాన్నగారి జేబులో ఉండాలి. మందులు, స్వెటర్లు, శాలువాలు చెకిన్ బ్యాగులో వేయొద్దని చెప్పండి.

ఇంట్లో మీరు చేసుకోవాల్సినవి పెద్దగా లేవు, కానీ ఒకటి ప్రాణాల మీదకు వచ్చేది. మన అపార్ట్‌మెంట్లలో, ఇళ్లలో చాలావరకు హీటర్ గ్యాస్‌దైనా ఫ్యాన్ తిరగడానికి కరెంటు కావాలి. కరెంటు పోతే ఇల్లు చల్లబడుతుంది. అప్పుడు బొగ్గుల గ్రిల్లు, కుంపటి లోపల పెట్టుకోవద్దు, జనరేటర్ గరాజ్‌లో నడపొద్దు, గ్యాస్ ఓవెన్ తలుపు తెరిచి చలి కాచుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తలనొప్పి, మగతతో మొదలవుతుంది. 2002 తుఫాను తర్వాత షార్లెట్ ప్రాంతంలో ఆసుపత్రులకు వచ్చిన ఇలాంటి కేసులు చాలా ఉన్నాయి. బ్యాటరీతో పనిచేసే అలారం ముప్ఫై డాలర్ల లోపు దొరుకుతుంది, రేపే తెచ్చుకోండి. చలికి అందరూ ఒకే గదిలో చేరి, తలుపు కింద దుప్పటి దోపుకుంటే చాలా తేడా తెలుస్తుంది. ఫ్రిజ్ తలుపు తెరవకపోతే నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజులు చల్లగా ఉంటాయి. శనివారం సాయంత్రానికి ఫోన్లు, పవర్ బ్యాంకులు ఛార్జ్ చేసి, అన్నం, పప్పు, పులిహోర లాంటివి ఒకరోజుకు సరిపడా వండి పెట్టుకోండి. కారును పైన్ చెట్టు కింద నుంచి తీసి ఖాళీ చోట పెట్టండి.

తీగ కింద పడి ఉంటే, అందులో కరెంటు లేదని మీకు అనిపించినా, దాని దగ్గరికి పోవద్దు. పక్కింటి జనరేటర్ తప్పుగా కలిపి ఉంటే తెగిన తీగలోకి కూడా కరెంటు వెనక్కి వస్తుంది. మా కుర్రాళ్లు అందుకే ప్రతి తీగనూ పరీక్షించాకే ముట్టుకుంటారు.

చివరిగా, ఫోర్‌కాస్ట్ మారితే? మారొచ్చు. శుక్రవారం సాయంత్రం వార్మ్ నోస్ ఇంకా బలపడి, నేల దగ్గరి చలి కూడా పోయి, ఆదివారం ఉదయానికే 36, 37 డిగ్రీల మామూలు వాన అని వాతావరణ ఆఫీసు రాస్తే మీరు టికెట్లు అనవసరంగా మార్చినట్టు అనిపిస్తుంది. అయినా నేను ఇదే చెప్తాను. వెడ్జ్ త్వరగా పోతుందన్న ఫోర్‌కాస్టును నమ్మి నా పనిలో ఒక్క లైన్‌మన్‌ను కూడా ఇంటికి పంపను. మూడు రోజుల ఆలస్యానికి, ఐ-40 ర్యాంపు మీద ఇరుక్కున్న కారులో ప్రయాణంతో అలసిన డెబ్బై ఏళ్ల పెద్దవాళ్లకు పోలికే లేదు.

ఏ ఊళ్లో విమానం మారతారో, ఏ సమయానికో ఇక్కడ రాయండి. శనివారం రాత్రి బెలూన్ లెక్కలు వచ్చాక నేను ఎలాగూ చూస్తాను, తొమ్మిదిన్నరకల్లా ఇదే సమాధానం కింద రాస్తాను.